ఉపక్రమము తెలిసినవాడు, ఉపసంహారము నెరిగినవాడు

గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు చెప్పిన షడ్లింగములలో మొదటిది ఉపక్రమోపసంహారముల ఏకత్వము. ఆరంభమున ప్రతిజ్ఞ చేసిన అర్థమే అంతమున నిలువవలెను. ఈ నియమము శ్రుతివాక్యములకే గాక కల్పితగాథలకును వర్తించునని నా అభిప్రాయము.

అమెరికా దేశీయుడగు రాబర్ట్ జోర్డాన్ 1990లో ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అను అద్భుతకథామాలికను ఆరంభించెను. కాలము చక్రమనియు, యుగములు మరల మరల వచ్చుననియు, జీవులు పునర్జన్మ నొందుదురనియు దాని భూమిక. (అర్చకునికి ఆంగ్ల నవలలేల యని అడుగువారికి ఇదియే నా సమాధానము.) కథ పదునొకండు సంపుటములకు పెరిగినను, చివరి దృశ్యము తనకు మొదటినుండియు తెలియునని ఆయన చెప్పుచుండెడివాడు.

అంతమును ముందే నిర్ణయించుకొన్నచో సృజన బంధింపబడునని కొందరందురు. నేనంగీకరింపను. ఉద్యాపన నెరుగనివాడు వ్రతమెట్లు పట్టును? సంకల్పమున ఫలమును పలికిన పిదపనే గదా ప్రధానపూజకు పూనుకొందుము! చక్రమునకు అంతము లేనప్పుడు కథకు అంతమేల యను ఆక్షేపము కొంత సూక్ష్మమైనది. కాలము అనంతమే, కర్త చేపట్టిన కర్మ మాత్రము పరిమితము.

అయితే అంతము తెలియుటకన్న దానిని పరహస్తమున నుంచుట కష్టతరము. తాను మరణించినచో తన టిప్పణములు నశింపవలెనని ఒకప్పుడు పలికిన జోర్డాన్, వ్యాధిగ్రస్తుడైన పిదప మనసు మార్చుకొనెను. ముగింపు ఘట్టమును స్వయముగా వ్రాసి, మిగిలిన కథను ఆత్మీయులకు చెప్పి, 2007 సెప్టెంబరులో దేహము చాలించెను. కర్తృత్వాభిమానము సడలనిదే ఇది జరుగదు. ఆయన గాథలోని ఏ మాయాయుద్ధముకన్నను ఈ నిర్ణయమే నాకు గొప్పదిగా తోచును. భార్యయు సంపాదకురాలునగు హారియెట్ మెక్‌డూగల్ ఆ భారమును బ్రాండన్ శాండర్సన్ అను యువరచయితకు అప్పగించెను. ఒక్క సంపుటమనుకొన్నది మూడై, 2013లో పదునాలుగవ సంపుటముతో సమాప్తి కలిగినది. ఆ మూడింటిపైనను జోర్డాన్ పేరు ముందు, శాండర్సన్ పేరు పిదప.

ఆంధ్ర మహాభారతము చదివినవారికి ఇది వింతగాదు. నన్నయ అరణ్యపర్వమధ్యమున ఆగెను. తిక్కన విరాటపర్వము నుండి సాగించెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన ఆ నడిమి శేషమును పూరించి, తన ప్రభువునకు గాక నన్నయ ప్రభువగు రాజరాజనరేంద్రునికే దానిని అంకితము చేసెను.