చెవుడు చెవిదా, తీగదా?

ఇంట్లో పెద్దవారు టీవీ శబ్దం కాస్త పెంచమన్నప్పుడల్లా పిల్లలు ముఖముఖాలు చూసుకొని, “తాతగారికి చెవులు మందగించాయి” అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు ఇచ్చేముందు తీగల వాంగ్మూలం కూడా తీసుకోవాలని నా వాదన. హోమ్ థియేటర్ పేరిట మన ఇళ్లలో చేరిన పెట్టెలు విడివిడిగా నిర్దోషులే కావచ్చు. వాటి నడుమ సంధి కుదరనప్పుడు మొట్టమొదట నష్టపోయేది మాట. బాంబు పేలుడు నిక్షేపంగా వినబడుతుంది, కథానాయిక చెప్పిన వాక్యం వినబడదు.

తెలుగు పండితుడికి ఈ వైర్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చు. ఏళ్ల తరబడి తరగతి గదిలో శ, ష, స ల భేదం పలికించినవాడికి ఆ భేదం శ్రోత చెవిని చేరుతున్నదా లేదా అన్నది చిన్న విషయం కాదు. పైగా ఈ విద్యకూ వ్యాకరణానికీ చుట్టరికం ఉన్నది. సంధి చేయాలంటే పూర్వపదమేదో, పరపదమేదో తెలియాలి. ఇక్కడా రెండే ప్రశ్నలు: పంపే పరికరం శబ్దాన్ని ఏ రూపంలో పంపుతున్నది? అందుకొనే పరికరానికి ఆ రూపం తెలుసా?

1982లో బజారుకు వచ్చిన సీడీలో శబ్దమంటే అంకెలే. సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. వెరసి సెకనుకు 14,11,200 బిట్లు. ఈ అంకెలను ఒక పెట్టెనుండి మరొక పెట్టెకు చేర్చే దారులు ఇళ్లలో ప్రధానంగా మూడు. ఒకటి రాగితీగ, అంటే కోయాక్సియల్. రెండవది తోషిబా సంస్థ 1983లో తెచ్చిన ఆప్టికల్ తీగ. ఇందులో అంకెలు ఎర్రని వెలుగుగా ప్రయాణిస్తాయి. మూడవది 2002 చివర రూపుదిద్దుకొన్న హెచ్‌డీఎంఐ. ఇది బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోస్తుంది.

దుకాణాలలో బంగారుపూత తీగలు చూపించి, వీటితో గాత్రంలో మాధుర్యం పెరుగుతుందని చెబుతారు. అంకెలు మోసే తీగ విషయంలో ఈ మాట నాకు సమ్మతం కాదు. ఒకటీ సున్నా సరిగా చేరితే చేరినట్టే. చేరకపోతే టపటపలు వస్తాయి, మధ్యమధ్య శబ్దం తెగుతుంది, లేదా నిశ్శబ్దం. అంతేగాని మాధుర్యం పావువంతు తగ్గి చేరడం ఉండదు. కోయాక్సియల్‌కు కావలసింది 75 ఓముల తీగ; పాత డీవీడీ ప్లేయరుతో వచ్చిన పసుపు మొన వీడియో తీగ చాలా సందర్భాలలో చక్కగా సరిపోతుంది. ఆప్టికల్ తీగ కొత్తదైతే మొనల మీది చిన్న ప్లాస్టిక్ తొడుగులు తీయాలి, మడత పడనీయకూడదు. ఇంతే శాస్త్రం. మిగిలిన డబ్బు మంచి స్పీకర్లకు పెట్టండి. తేడా చెవికి తెలిసేది అక్కడ.

తీగ మంచిదైనా భాష కలవకపోతే ఫలం లేదు. ఆప్టికల్, కోయాక్సియల్ దారులు రెండు వరుసల శబ్దాన్ని ఉన్నదున్నట్టుగా, అంటే పీసీఎం రూపంలో మోయగలవు. సినిమాల 5.1 శబ్దాన్నైతే కుదించి మూటగట్టిన రూపంలోనే మోయగలవు. ఆ మూటను విప్పడం తెలియని పాత స్టీరియోకు పంపితే మూగనోము పడుతుంది. అప్పుడు టీవీ ఆడియో సెట్టింగులలో పీసీఎం ఎంచుకోవాలి. మూట విప్పగల రిసీవరు ఉన్నప్పుడు బిట్‌స్ట్రీమ్ ఎంచుకోవాలి. బ్లూరే డిస్కులలోని నష్టం లేని 5.1 శబ్దానికి ఆ పాత దారులు చాలవు, హెచ్‌డీఎంఐ కావాలి. టీవీనుండి శబ్దాన్ని వెనక్కి రిసీవరుకు తెచ్చే ఏఆర్‌సీ సౌకర్యం 2009లో వచ్చింది. అది టీవీకి ఉన్న అన్ని రంధ్రాలకూ ఉండదు, పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉన్నదానికే ఉంటుంది.

ఇక అసలు విషయం. 5.1 అంటే ముందు ఎడమ, కుడి, నడుమ; పక్కన లేదా వెనుక రెండు; మంద్రస్వరాలకు ఒకటి. సినిమాలో సంభాషణలలో అధికభాగం నడిమి స్పీకరుకే కేటాయిస్తారు. గణితం చెప్పి విశ్రాంతి పొందిన ఒక మిత్రుని ఇంటికి వెళ్లినప్పుడు ఆయన కుమారుడు, “మాష్టారూ, నాన్నగారికి ఈమధ్య వినికిడి బాగా తగ్గిందండీ, వింటే డాక్టరు దగ్గరకు వెళ్లమని మీరైనా చెప్పండి” అన్నాడు. మిత్రుడు మాత్రం, “వార్తలు శుభ్రంగా వినబడుతున్నాయయ్యా, సినిమాలోనే మాటలు మింగేస్తున్నారు” అన్నాడు. వార్తలకు లేని చెవుడు సినిమాకు ఎలా వచ్చింది? చూస్తే, కొత్త బీరువాలో చోటు చాలక నడిమి స్పీకరును అటక మీద పెట్టేశారు. రిసీవరు మాత్రం అది ఉన్నదనే లెక్కలో మాటలన్నీ ఆ ఖాళీ స్థానానికే పంపుతున్నది. మెనూలో నడిమి స్పీకరు లేదని చెప్పగానే ఆ మాటలు కుడి ఎడమలకు సమానంగా పంచబడ్డాయి. లోపస్థానంలో ఆదేశం వచ్చిందన్నమాట! ఆ పూట మిత్రుడు శబ్దం తగ్గించమన్నాడు.

అనలాగ్‌గా మిగిలిన స్పీకరు తీగలలోనూ ఇలాంటి చిక్కే ఉన్నది. ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తారుమారైతే మంద్రం పలచబడుతుంది, గొంతు ఎక్కడినుండి వస్తున్నదో తెలియదు. దీనికి మనవద్ద మంచి పరీక్ష ఉన్నది. ఘంటసాల గారి కాలపు పాటలు అధికభాగం ఒకే వరుసలో ముద్రించినవి. స్టీరియో పద్ధతిలో ఒకటి పెట్టి, రెండు స్పీకర్లకు సమదూరంలో కూర్చోండి. గొంతు సరిగ్గా నడుమనుండి రావాలి. గదంతా చెదరినట్టుంటే తీగలు చూసుకోండి. అటువంటి పాటకు కృత్రిమంగా ఐదు దిక్కుల ప్రతిధ్వని తగిలించడం మాత్రం నాకు నచ్చని పని. రెండింట ముద్రించినది రెండింట, ఐదింట ముద్రించినది ఐదింట వినడమే మర్యాద.

వయసుతో చెవి తగ్గదని నేననను. వృద్ధాప్యంలో మొదట మందగించేది తారస్థాయి ధ్వనులే. స, శ వంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది. అందుకే అనుమానమున్నవారు వైద్యునికి చూపించుకోవలసిందే. అయితే తగ్గిన చెవికి సరైన సంధి మరింత అవసరం. పడుచువారి చెవి తీగల లోపాన్ని ఊహతో పూరించుకొంటుంది. పెద్దవారి చెవికి ఆ వెసులుబాటు లేదు. వారు రెండు మూడుసార్లు “ఏమన్నాడు?” అని అడిగి, విసుగు ఎదురై, తరువాత అడగడం మానేస్తారు. నలుగురి మధ్య కూర్చొని నవ్వవలసిన చోట నలుగురినీ చూసి నవ్వుతారు. ఒక మెనూలో ఒక్క మీట నొక్కితే తీరే దానికి ఇంత శిక్ష అక్కరలేదు.

కనుక పిల్లలకు నా మనవి ఇది. శబ్దం పెంచమని పెద్దవారు అడిగినప్పుడు, వార్తలు వినబడుతున్నాయా, సినిమా మాటలే వినబడడం లేదా అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబునుబట్టి ముందు రిసీవరు వెనుకకు వెళ్లండి. మీ ఇళ్లలో ఇటువంటి అనుభవాలుంటే వ్యాఖ్యలలో తెలియజేయగలరు.

స్వస్తి.