అమర్చిన కొవ్వు నిలవాలంటే...

కాలిన గాయం మానాక చెంప సొట్టపడటం, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఆ చోట గుంట మిగలడం... ఇలాంటి లోపాలను పొట్ట నుంచో, తొడ నుంచో తీసిన సొంత కొవ్వుతో పూడ్చవచ్చు. దీన్నే ఫ్యాట్ గ్రాఫ్టింగ్ అంటారు. 1893లోనే జర్మన్ సర్జన్ గుస్టావ్ న్యూబర్ దీన్ని చేశారు. అప్పటి నుంచీ చిక్కు ఒక్కటే. ఎక్కించిన కొవ్వంతా నిలవదు. ఒక్కోసారి సగానికి పైగా కరిగిపోతుంది.

ఈ భయాన్నే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. 'స్టెమ్ సెల్స్ కలిపితే కరగదట, అప్పు చేసైనా సిటీకి పోవాలా సార్?' అని ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు కుటుంబాలు అడుగుతుంటాయి. వద్దనే చెబుతాను.

మిరప నారంతా ఒకే గుంతలో కుక్కితే బతుకుతుందా? ఎడంగా నాటితేనే వేరు పట్టుకుంటుంది. కొవ్వు కణాలూ అంతే. కొత్త రక్తనాళాలు అల్లుకునేదాకా చుట్టూ ఉన్న కణజాలం నుంచి అందే ఆక్సిజనే వాటికి ఆధారం. అది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు మించి చేరదు. ముద్దగా పెడితే నడుమ ఉన్న కొవ్వు చచ్చి గడ్డకడుతుంది. అందుకే 1990లలో అమెరికా సర్జన్ సిడ్నీ కోల్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో కొవ్వును మెల్లగా పీల్చి, శుద్ధి చేసి, సన్నని గొట్టంతో కొద్దికొద్దిగా వేర్వేరు పొరల్లో వేస్తారు. స్టెమ్ సెల్స్‌పై పరిశోధనలు సాగుతున్నా ఫలితాలు ఒకే తీరుగా లేవు. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వాడకం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి.

ఇంటివాళ్ల చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. ఆపరేషన్‌కు ముందు, తర్వాత కనీసం నాలుగేసి వారాలు బీడీ, సిగరెట్, గుట్కా మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది. షుగర్ అదుపులో ఉండాలి. అమర్చిన చోట నొక్కకూడదు, ఆ వైపు ఒత్తిగిలి పడుకోకూడదు. మూడు నాలుగు నెలలు గడిస్తే గానీ ఎంత నిలిచిందో తేలదు. రెండోసారి చేయాల్సి వస్తే అది వైఫల్యం కాదు, చికిత్సలో భాగమే.

అయితే ఆ రెండో విడతకే చాలామంది రారు. కర్నూలుకు వెళ్లిరావడమంటే బస్సు చార్జీలు, పోయిన కూలి, తోడుగా మరొకరు. నెలకో రోజు ప్లాస్టిక్ సర్జన్ ఆదోని ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చి చూస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఖరీదైన ఇంజెక్షన్ కన్నా ఇదే మన రోగులకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.