కడితానికున్న బుద్ధి మడతఫోనుకు లేదు

మొన్న తాడేపల్లిగూడెంలో మా ఇంటికి నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చాడు. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగి. తన మడతఫోను నా ముందు విప్పి, "చూశారా మాస్టారూ, ఇదే మీ తాళపత్రం! మూస్తే ఫోను, విప్పితే టాబ్లెట్టు. పదేళ్ళలో ప్రతి బడిపిల్లవాడి చేతిలోనూ ఇదే ఉంటుంది" అన్నాడు. శిష్యవాత్సల్యం చేత అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, ఆ మాట నాకు మింగుడుపడలేదు. సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ వస్తువుకు దక్కవలసిన మెప్పు దక్కనిద్దాం. అరవై దాటిన కన్నులకు మామూలు ఫోనులో తెలుగు పద్యం చదవడం ఒక శిక్ష. శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21. అక్షరం కనబడేటంత పెద్దది చేస్తే ఇరుకు తెర మీద పాదం రెండు మూడు ముక్కలై, యతి ఎక్కడో, ప్రాస ఎక్కడో కంటికి ఆనకుండా పోతాయి. అతడు ఫోను విప్పగానే నాలుగు పాదాలూ విరగకుండా వరుసగా నిలిచాయి. ఆ క్షణంలో నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు?

అయితే అతని పోలిక తప్పు. తాళపత్రం మడతకు లొంగదు, మడిస్తే విరుగుతుంది. మడతఫోనుకు మన దేశంలో పూర్వికుడు ఎవరైనా ఉంటే అది కడితము. గుడ్డకు చింతగింజల జిగురులో బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరి గట్టిపడిన తరువాత మడతలు పెట్టేవారు. వర్తకులు దాని మీద బలపంతో లెక్కలు వ్రాసుకొనేవారు. మూస్తే చంకలో ఇమిడేది, విప్పితే పొడుగ్గా పరచుకొనేది. పని తీరిన వ్రాతను తుడిచి మళ్ళీ వ్రాసుకోవచ్చు. పూత పోతే మళ్ళీ పూత వేసుకోవచ్చు. చింతగింజా బొగ్గూ దొరకని ఊరు ఉన్నదా? కడితానికి వైద్యుడు దానిని వాడుకొనేవాడే. నేను బుద్ధి అన్నది దానినే.

ఇక మడతఫోను చరిత్ర చూద్దాం. 2019 ఫిబ్రవరిలో శాంసంగ్ సంస్థ గెలాక్సీ ఫోల్డును ప్రకటించింది. ఏప్రిల్‌లో అమ్మకానికి రావలసి ఉండగా, పరీక్షించి చూడమని విలేకరులకు ఇచ్చిన వాటిలోనే కొన్ని తెరలు చెడిపోయాయి. కొందరు పైనున్న పొరను రక్షణకు అంటించిన కాగితం వంటిదనుకొని ఒలిచివేశారు. విడుదల సెప్టెంబరుకు వాయిదా పడింది. ఆ తరువాత పలుచని గాజు వచ్చింది, నీటిని తట్టుకొనే శక్తి వచ్చింది, 2025లో ధూళిని సైతం ఆపగలమనే ఫోనును గూగుల్ తెచ్చింది. ఇవన్నీ ఒప్పుకొంటాను.

కాని ధర మాట? "సెల్‌ఫోను కూడా మొదట శ్రీమంతులదే, క్రమంగా కూలివాని చేతికి రాలేదా?" అంటాడు నా శిష్యుడు. 2019 అక్టోబరులో మన దేశంలో మొదటి ఫోల్డు ధర రూ. 1,64,999. 2025లో ఏడవది వచ్చినప్పుడు దాని ధర రూ. 1,74,999 నుండి మొదలైంది. ఆరేళ్ళ తరువాత చూస్తే అది మొదటి మెట్టు కన్న దిగలేదు, పైకే ఎక్కింది. యాభై వేల లోపు మడతఫోనులూ ఉన్నాయని అతడు అనవచ్చు. అవి అడ్డంగా మడిచే రకం. విప్పితే వచ్చేది మామూలు ఫోనే గాని టాబ్లెట్టు కాదు.

ఏ పనిముట్టునైనా అది చేరబోయే చేతిని చూచి విలువ కట్టాలి. కొల్లేటి లంకల్లో నేను పాఠం చెప్పిన పిల్లల తండ్రులు చేపల చెరువుల గట్ల మీద బ్రతికేవారు. మేత చల్లిన చెయ్యి, బురద, పొలుసు, చెమట. ఫోను ఉండేది లుంగీ మడతలో. అది రోజుకు ఎన్నిసార్లు నేలను పడుతుందో లెక్క లేదు. మామూలు ఫోను అద్దం పగిలితే ఏలూరులో ఏ సందు దుకాణంలోనైనా అద్దం వేస్తారు. నడుమ కీలుతో వంగే తెరను అలా ఏ కుర్రవాడూ పట్టుకోడు. దానిని మార్చడమంటే ఫోనులో అన్నిటికన్న ఖరీదైన భాగాన్ని మార్చడమే.

పిల్లలకు తెర ఇవ్వడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచడం మొదలైంది. ఉపాధ్యాయులకు ఇచ్చినవి కలిపి ఐదు లక్షలకు పైగా ఇచ్చారు. మరుసటి డిసెంబరులో ఇంకొక విడత. 2024 జులైలో ఆ పాఠాల సంస్థ దివాలా విచారణలోకి వెళ్ళింది. నేను రాజకీయం మాట్లాడడం లేదు. పేదపిల్లకు పెద్ద తెర అందడం మంచిదే. కాని పాఠం తయారుచేసిన సంస్థే నిలవనప్పుడు, ఆ పాఠంలో తప్పు దొర్లితే దిద్దేవారెవరు?

ఆ రోజుల్లో ఒక చేపల కూలీ తన కూతురి ట్యాబును పాత చీరముక్కలో చుట్టి అటక మీద పెట్టాడు. ఎందుకయ్యా అని అడిగితే, "పగిలితే ఎక్కడ బాగుచేయిత్తాం మాస్టారూ?" అన్నాడు. అతని భయం అజ్ఞానం కాదు. అంత సూటి ప్రశ్న నేను ఏ విద్యాసదస్సులోనూ వినలేదు. మడత దానికి జవాబు చెప్పకపోగా, ఆ ప్రశ్నను మరింత బరువు చేస్తుంది.

లెక్క కూడా చూసుకో నాయనా. నీ ఒక్క ఫోను ధరకు, పదిహేను వేల చొప్పున పదకొండు మామూలు ట్యాబులు వస్తాయి; ఇంకా పదివేలు మిగులుతాయి. ఆ పదివేలతో బడికి తెలుగు పుస్తకాలు కొనవచ్చు. చినిగితే కుట్టుకోవచ్చు, చదివాక తమ్ముడికి ఇవ్వవచ్చు.

బడిపిల్లల చేతికి ఏ తెర ఇచ్చినా నేను కోరేవి రెండే. పగిలిన తెరను మండల కేంద్రంలో మార్చగలగాలి. అందులోని పాఠం ఏ సంస్థ తాళంలోనూ లేక, ఏ యంత్రంలోనైనా తెరుచుకొనే మామూలు తెలుగు అక్షరాలుగా బడి సొత్తై ఉండాలి. ఈ రెండూ కుదిరిన నాడు మడత ఉన్నా సరే, లేకున్నా సరే.

అంతవరకు అది నీ వంటి సంపన్నుడి ముచ్చట, తప్పులేదు, అనుభవించు. మళ్ళీ వచ్చేటప్పుడు తప్పక పట్టుకురా, మిగిలిన పద్యాలు కూడా చదువుకొందాం. బడిపిల్లల మాట ఎత్తదలిస్తే మాత్రం ముందు ఆ చేపల కూలీకి సమాధానం ఆలోచించుకొని రా.

స్వస్తి.