ఆముదం ఆకుకున్న రక్షణ ఆముదం రైతుకేదీ?

మన ఎర్ర చెల్కల్లో ఆముదం కాడను వేలితో తుడిచి చూడండి. వేలికి తెల్లటి పొడి అంటుతుంది. జొన్న దంటు మీదా అదే పొడి. అది దుమ్ము కాదు, తెగులు కాదు. మొక్క తనకు తాను పూసుకున్న మైనం.

సుమారు 47 కోట్ల ఏళ్ల కింద మొక్కలు నీళ్లలోంచి నేల మీదికి వచ్చినప్పుడు వాటికి ఎదురైన మొదటి కష్టం కరువే. గాలి, ఎండ ఒంట్లోని నీటిని పీల్చేస్తుంటే అవి మైనపు పొర కప్పుకొని బతికాయి. నేటికీ దాని పని అదే. వాన మొఖం చాటేస్తే మొక్క ఆకుల మీది సన్నటి రంధ్రాలు మూసుకుంటుంది. ఆ తర్వాత ఆకు చర్మం గుండా పోయే తడిని ఆపేది ఈ పొరే. తెల్లటి పూత ఎండను కొంత వెనక్కి కొట్టి ఆకును కాపాడుతుంది. వరికీ మైనం ఉంది గానీ, జొన్నతో పోలిస్తే చాలా తక్కువ.

మరి నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో మన పాలకులు ఏ పంట వెనుక నిలబడ్డారు? కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఆముదానికి చోటే లేదు. జొన్నకు ధర కాగితం మీద ఉంది, వడ్లకున్నట్టు ఊరూరా కొనుగోలు కేంద్రం లేదు. అందుకే రైతు అప్పు తెచ్చి బోరు వేసి వరి పెట్టాడు, లేదంటే పత్తి పెట్టాడు. బోరు ఎండినాక "మెట్టలో వరి ఎందుకేసినవ్?" అని మనకే సుద్దులు చెబుతున్నారు. కొనేవాడున్న పంటనే రైతు వేస్తాడు. ఇందులో తప్పు రైతుది కాదు.

పరిశోధన లేదనడానికి వీల్లేదు. పాలెం పరిశోధనా స్థానం క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలనిచ్చింది. శాస్త్రవేత్తలు ఆముదాన్ని పూతను బట్టే వేరు చేస్తారు: పూత లేనివి, కాడకే పూత ఉన్నవి, కాడకూ ఆకు అడుగుకూ ఉన్నవి, ఆకు రెండు వైపులా ఉన్నవి. పూత నిండుగా ఉంటే పచ్చదోమ తక్కువ. తెల్లదోమకు మాత్రం అదే పూత అనుకూలం. తన చేనుకు ఏ దోమ బెడద ఎక్కువో రైతుకు తెలుసు. కొనే విత్తనానికి ఎంత పూత ఉంటుందో కూడా తెలియాలి.

మైనం ఒక్కటే దిగుబడి తేదు, అప్పు తీర్చదు. అందుకే మేం అడుగుతున్నాం: ఆముదాన్ని మద్దతు ధర జాబితాలో చేర్చాలి. జొన్న, ఆముదం కాంటా మండలానికొకటి పెట్టాలి. విత్తన సంచి మీద పూత రకం రాయాలి. పాలెం విత్తనం అదునుకు ముందే, సబ్సిడీపై ఊరికి చేరాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే కూర్చొని తీర్మానాలు చేయాలి. వాటిని మండల వ్యవసాయాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.