శాతం సరే, ఎన్నింటిలో?

ఆన్‌లైన్ పోకర్ ఆడేవాళ్ళ పక్కన ఓ ఐదు నిమిషాలు కూర్చుంటే మన స్టాండప్ మీటింగే నయమనిపిస్తుంది. "వాడు నలభై అయిదు బై ఎనిమిది రా, వాడు పెంచితే మడిచెయ్", "వీడు ఇరవై నాలుగు బై ఇరవై, జాగ్రత్త"... ఇదీ వరస. ప్రతి ఆటగాడి పేరు పక్కనా చిన్న డబ్బాలో నాలుగైదు అంకెలు కనపడుతుంటాయి. దాన్ని హడ్ అంటారు. పోకర్‌ట్రాకర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆడిన ప్రతి పంపకాన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో దాచి, లెక్కలు కట్టి చూపిస్తాయి. కొన్ని సైట్లు వీటిని నిషేధించాయి, కొన్ని ఒప్పుకుంటాయి. అసలే డాష్‌బోర్డు కనిపిస్తే చాలు నమ్మేసే జాతి మనది :)

ఆ అంకెలు పనికిమాలినవని నేననను. చాలా పనికొస్తాయి. నా గొడవల్లా ఏంటంటే, వీటిలో తొందరగా నమ్మదగ్గవి కొన్ని ఉన్నాయి, ఏళ్ళు గడిచినా పూర్తిగా నమ్మలేనిది ఒకటుంది. మనవాళ్ళు ఆ ఒక్కదాన్నే ముందు నమ్ముతారు.

మొదటి అంకె వీపీఐపీ. రమ్మీ ఆడినవాళ్ళకి చిటికెలో అర్థమవుతుంది. ముక్కలు చూసుకుని మొదట్లోనే డ్రాప్ అయ్యేవాడున్నాడు, ఏ చెత్త వచ్చినా "చూద్దాం" అని కూర్చునేవాడున్నాడు. నూటికి ఎన్నిసార్లు కూర్చున్నాడో అదే వీపీఐపీ. బ్లైండు తప్పనిసరి కాబట్టి అది లెక్కలోకి రాదు, తన ఇష్టంతో పెట్టిన డబ్బే లెక్క. రెండోది పీఎఫ్ఆర్. బల్ల మీద ముక్కలు తెరవకముందే నూటికి ఎన్నిసార్లు పందెం పెంచాడన్నది. ఇది మొదటిదాన్ని ఎప్పుడూ దాటదు. అసలు సంగతి ఈ రెంటి మధ్య ఖాళీలో ఉంది. ఆరుగురు కూర్చునే బల్లలో 24/20 అంటే దిగినప్పుడల్లా దాదాపు పెంచుతూనే దిగుతున్నాడు, ఆట తెలిసినవాడు. 45/8 అంటే దాదాపు సగం పంపకాల్లో దిగుతాడు, ఎక్కువగా ఊరికే వెంబడిస్తాడు, నిజంగా మంచి ముక్కలొస్తేనే పెంచుతాడు. అందుకే అతను పెంచితే మడిచెయ్యమనేది.

ఒక చిక్కుంది. ఆరుగురి బల్లలో 24 మామూలు. తొమ్మిది మంది ఉన్న చోట అదే 24 కాస్త దూకుడు కింద లెక్క. ఇద్దరే ఆడుకునే ఆటలో 24 వాడు ఎక్కువకాలం నిలవడు. ఈ మూడు రకాల డేటానీ కలిపి ఒకే సగటు తీస్తే వచ్చే అంకె ఏ బల్లకీ పనికిరాదు. గ్రూప్ బై మర్చిపోయిన క్వెరీ లాగన్నమాట.

ఇక హారం సంగతి. నూరు పంపకాలు చూసి వీపీఐపీ 25 అని తేలితే, అసలు విలువ దానికి అటూ ఇటూ 9 దాకా ఉండొచ్చు. వెయ్యి చూస్తే ఆ తేడా 3 లోపుకి వస్తుంది. పర్లేదు, ఒకటి రెండు సాయంత్రాల్లోనే మనిషి తీరు ఓ మోస్తరుగా తెలిసిపోతుంది. కానీ అదే డబ్బాలో "తన పెంపు మీద ఇంకొకరు మళ్ళీ పెంచితే మడిచేది 100 శాతం" అని కూడా ఉంటుంది. మౌస్ పెట్టి చూస్తే మూడింటికి మూడు! అలాంటి సందర్భమే అరుదు మరి. పక్కపక్కనే ఒకే ఫాంటులో ఉన్నంత మాత్రాన రెండు అంకెలకీ ఒకే విలువ ఉంటుందా? ఇంకోటి, దూకుడు కొలిచే ఏఎఫ్. పందేలూ పెంపులూ కలిపి కాల్స్‌తో భాగిస్తారు. కాల్ అసలే చెయ్యనివాడికి సున్నాతో భాగహారం. పైగా మడిచినవి ఈ లెక్కలోకి రావు కాబట్టి, తొంభై సార్లు మడిచి నాలుగు సార్లు పందెం కాసిన పిరికివాడు కూడా ఇందులో వీరుడిలా కనపడతాడు.

ఇప్పుడు ఆ నమ్మకూడని అంకె. నూరు పంపకాలకి ఎన్ని బిగ్ బ్లైండ్లు గెలిచావు అన్నది. ఇంజనీరింగులో ప్రాబబిలిటీ పేపరు అందరం గట్టెక్కినవాళ్ళమే కాబట్టి లెక్క వేసుకుందాం. నో లిమిట్ హోల్డెమ్‌లో, ఆరుగురి బల్లలో, నూరు పంపకాలకి స్టాండర్డ్ డీవియేషన్ సాధారణంగా 80 నుంచి 100 బ్లైండ్లు. 90 అనుకుందాం. 10,000 పంపకాలంటే నూర్లు నూరు, దాని వర్గమూలం 10, అంటే పొరపాటు 9. 95 శాతం నమ్మకం కావాలంటే అటూ ఇటూ 18. కాబట్టి "నేను 6తో గెలుస్తున్నాను" అంటే నిజం మైనస్ 12 నుంచి ప్లస్ 24 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. లక్ష పంపకాలాడినా అటూ ఇటూ ఇంకా 5.7. ఒక బల్లలో గంటకి 75 పంపకాలు వేసుకుంటే లక్షకి 1,333 గంటలు. రోజుకి రెండు గంటల చొప్పున దాదాపు 22 నెలలు. ఈలోగా ఎదుటివాళ్ళూ మారతారు, నీ ఆటా మారుతుంది.

ఇదంతా ఊరికే చెప్పట్లేదు. నాకు తెలిసినతను ఒకడు న్యూజెర్సీలో ఉంటాడు, అక్కడ ఆన్‌లైన్ పోకర్ 2013 నుంచీ చట్టబద్ధం. 1 డాలరు బిగ్ బ్లైండు బల్లలో 10,000 పంపకాలాడి సరిగ్గా ఆ 6 చూపించాడు. 600 డాలర్లు. గంటకి నాలుగున్నర. అక్కడ కనీస వేతనమే 15 డాలర్లు దాటింది. కానీ అతనికి గ్రాఫు పైకెళ్ళడమే కనపడుతోంది. ఇక 5 డాలర్ల బల్లకి వెళ్తాట్ట, కుదిరితే ఉద్యోగం కూడా మానేస్తాట్ట. బాబూ, నువ్వున్నది హెచ్-1బీ మీద, ఉద్యోగం లేకపోతే 60 రోజులే గడువు అన్నాను. అది వేరే సంగతి అన్నాడు. ఆ మైనస్ 12 గనక నిజమైతే 5 డాలర్ల బల్లలో ఇంకో 10,000 పంపకాలకి పోయేది 6,000 డాలర్లు. పైగా పెద్ద బల్లలో ఎదుటివాళ్ళు ఇంకా గట్టివాళ్ళు.

అలాగని తక్కువ పంపకాలతో ఏదీ తేలదని కాదు. 2007లో ఆబ్సొల్యూట్ పోకర్‌లోనూ, 2008లో అల్టిమేట్ బెట్‌లోనూ కొన్ని ఖాతాలు ఎదుటివాళ్ళ ముక్కలు చూస్తూ ఆడాయని బయటపడింది. పట్టుకున్నది పోలీసులు కాదు, ఆటగాళ్ళే. తాము దాచుకున్న పంపకాల రికార్డులు కలిపి చూస్తే, అంత ఎడాపెడా ఆడేవాళ్ళకి అంత గెలుపు ఏ అదృష్టంతోనూ సాధ్యం కాదని తేలింది. తేడా అంత ఘోరంగా ఉంటే కొన్ని వేలు చాలు. మనవాడి 6 లాంటి చిన్న తేడాకి చాలవు.

పోకర్ నైపుణ్యపు ఆట అంటూ వాదించేవాళ్ళు కోర్టు తీర్పులు చూపిస్తారు. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది, అది సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులోనే. తర్వాత డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా పెట్టుకోలేదు. నా మటుకు పోకర్‌లో నైపుణ్యం ఉంది, సందేహం లేదు. ఆటలో ఉండటం వేరు, అది నాలో ఉందని నాకు తెలియడం వేరు. అది తెలిసేలోగా ఏళ్ళు పడుతుంది, రేక్ కడుతూనే ఉండాలి. సైటుకి ఈ తిప్పలేవీ లేవు. ఎవడు గెలిచినా దాని వాటా దానికొస్తుంది.

మనవాడు ప్రస్తుతానికి ఆ 1 డాలరు బల్లలోనే ఉన్నాడు. 23,000 దాటాయట, 6 కాస్తా 2 అయింది. ఆట మానలేదు గానీ 5 డాలర్ల మాట ఈ మధ్య ఎత్తట్లేదు.