తుపాకి ఎవరి చేతిలో ఉండాలి?

ఆత్మరక్షణకు తుపాకి ప్రతివారి హక్కు అని కొందరు వాదిస్తారు. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండవ సవరణ ఇటువంటి హక్కును గుర్తించింది. మన రాజ్యాంగంలో ఆ హక్కు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు.

మరి ప్రభుత్వమే సామాన్యుడికి తుపాకి ఇస్తే? తెలుగువారు కూడా ఉండే భోపాల్‌పట్నం నేడు బీజాపూర్ జిల్లాలో ఉంది. ఆ ప్రాంతంలో 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చింది. రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయలు. అయిదో తరగతి చదివినవారికి ప్రాధాన్యం.

"ఎదుటివాడి చేతిలో తుపాకి ఉంటే గ్రామస్థుడు వట్టి చేతులతో ఎలా బ్రతుకుతాడు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని తుపాకి పట్టినవాడే మొదట గురి అవుతాడు. 2007 మార్చిలో రాణీబోద్లీ శిబిరంపై జరిగిన దాడిలో 55 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ఈ యువకులే.

2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తుపాకులను వెనక్కు తీసుకోవాలని ఆదేశించింది. అదే ఏడాది రాష్ట్రం కొత్త చట్టం చేసి, వారిని సహాయక సాయుధ దళంలోకి తీసుకుంది. అందువల్ల ప్రశ్న మిగిలే ఉంది.

ప్రజల ప్రాణరక్షణ ప్రభుత్వ బాధ్యత. ఆ బరువును అరకొర శిక్షణతో పేదవాడి భుజాన వేయడం తగదు. అయిదో తరగతితో చదువు ఆగినవాడికి ఇవ్వవలసింది ఆరో తరగతి పుస్తకం. మీరూ ఆలోచించండి.