తరగతి గదిలో నుండి: యుద్ధపాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?



బడిలో గాని, సండేస్కూల్లో గాని యుద్ధం పాఠం వచ్చిందంటే మన ఉపాధ్యాయులకు ఒక అలవాటు ఉన్నది. తేదీ, స్థలం, సైన్యాల లెక్క బోర్డు మీద వేసి, ఎవరు గెలిచారో చెప్పి ముగిస్తాం. పిల్లలు ఆవలిస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

ఒక ఏడాది హుషారు పుట్టిద్దామని ఇబ్రహీంపట్నంలో నా తరగతిని రెండు జట్లు చేశాను. ఇటు విజయనగరం, అటు సుల్తానులు. గది దద్దరిల్లింది. పాఠం బాగా వచ్చిందని మురిసిపోయాను. గంట కొట్టాక చూస్తే ఒక ముస్లిం పిల్లవాడు చివరి బెంచీలో తల వంచుకుని ఉన్నాడు. "మీవోళ్లు మన రాజును చంపిండ్రు కదరా" అంటున్నారు పక్కవాళ్లు, నవ్వుతూనే. నిన్నటివరకు వాడితో ఒకే డబ్బాలో తిన్నవాళ్లు. ఆ మాట వారికి నేర్పింది నేనే. ఆ రాత్రి మోకరించినా ప్రార్థన సాగలేదు.

మరుసటి ఏడు పుస్తకం తెరవనివ్వలేదు. "మన ఊరి పేరు ఎవరిది? మన పెద్ద చెరువు ఎవరి కాలం నాటిది?" అని అడిగాను. ఇబ్రహీం కుతుబ్ షా అని ఒకడన్నాడు. "మరి రాజు కాకముందు ఆయన ఎక్కడ తలదాచుకున్నాడు?" ఎవరూ పలకలేదు.

1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం విజయనగరం చేరాడు. అళియ రామరాయలు ఆదరించి ఏడేళ్లు ఉంచుకున్నాడు. ఆయనకు తెలుగంటే మక్కువ. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. మన కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారంటే పిల్లలు పకపక నవ్వారు. 1550లో గోలకొండ సింహాసనమెక్కాడు. 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో రామరాయల మీదికి వెళ్లిన సుల్తానులలో ఆయన ఒకడు. రామరాయల తల ఆ రోజే తెగింది.

నవ్వులు ఆగిపోయాయి. "అన్నం పెట్టినాయన మీదికే ఎట్ల పోయిండు సార్?" అన్నదొక అమ్మాయి.

ఇక పాఠం నేను లాగనక్కరలేదు, వాళ్లే లాగారు. రామరాయలు ఒక సుల్తాను మీదికి ఇంకొకరిని ఉసిగొల్పడం, గోలకొండ నుండి పానగల్లు కోట తీసుకోవడం, ఆయన సైన్యంలోనే ముస్లిం సర్దారులు ఉండటం, అన్నీ అడిగి చెప్పించుకున్నారు. మతం పేరుతో తరగతిని రెండుగా చీల్చడానికి చోటే లేకపోయింది.

సండేస్కూలు టీచర్లు కూడా దావీదు యుద్ధాలను గొల్యాతుతో కాక సమూయేలు మొదటి గ్రంథం 27వ అధ్యాయంతో మొదలుపెట్టి చూడండి. గొల్యాతును కొట్టిన ఆ దావీదే సౌలుకు భయపడి గొల్యాతు ఊరైన గాతుకు వెళ్లాడు. ఆకీషు రాజు సిక్లగు ఇచ్చాడు. ఫిలిష్తీయుల దేశంలో ఏడాది నాలుగు నెలలు ఉన్నాడు. అంతలో ఇశ్రాయేలు మీదికే యుద్ధం! అక్కడ ఆపి, దావీదు ఎటు నిలబడాలని పిల్లలను అడగండి. 29వ అధ్యాయం తొందరపడి చెప్పేయకండి.

పదో తరగతికి వెళ్లిపోయిన ఆ పిల్లవాణ్ణి పిలిపించి ఇబ్రహీం కథ చెప్పాను. పోయిన ఏడు జరిగినదానికి క్షమించమని అడిగాను. "పోనీయిండ్రి సార్" అన్నాడు. తలుపుదాకా వెళ్లి ఆగి, "ఏడేండ్లు ఆయనింట్ల ఏం తిన్నడో సార్?" అని అడిగాడు.